వెల్లకిలా నడిచే పురుగు

నా చిన్నప్పుడు తోటి పిల్లలు కోడిపిల్లల్ని, మేకపిల్లల్ని సాకితే నేను పేడదిబ్బలో పురుగుల్ని సాకాను. నవ్వకు పాపా. నిన్న మిద్దె మీద పూలకుండీ గుమ్మరించినప్పుడు తెల్లగా, లావుగా, వేలంత పురుగు కింద పడితే నువ్వు ఎగిరి గంతేసి చీపురు తెమ్మన్నావు చూడు, అప్పటినుంచీ నాకు ఇదే తలపు. నేను చీపురు తేలేదని నీకు కోపం కూడా వచ్చింది. దాన్ని బండమీద పెట్టి ఎట్లా నడుస్తుందో చూసేదాకా నేను చీపురు ముట్టను. ఆ అలవాటు నాకు ఎవరు నేర్పారో, నేర్పినాయనే తర్వాత ఏం చేశాడో చెబుతాను, రాసుకో.

మా ఊరు చిలమత్తూరుకు పైన, బండగుట్టల నడుమ ఉంది. ఎర్రనేల. వాన పడితే చెనక్కాయ, అదే మీ వేరుశనగ, పండుతుంది, పడకపోతే ఏమీ లేదు. మా నాయన వాళ్ళ నాయనను మేము జేజినాయన అనేవాళ్ళం. ఊళ్ళో అందరికంటే ఎక్కువ చేలు ఆయనవే. ఎద్దులు, బండ్లు, విత్తనపు కాయలు అన్నీ మా ఇంట్లోనే ఉండేవి కాబట్టి, విత్తే కాలం వచ్చిందంటే ఊరిలో సగం మంది మా అరుగు మీదే కూర్చునేవాళ్ళు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంటూ వినేవాడు. వినడం అయ్యాక ఒక్క మాట అనేవాడు. ఆ మాట మీద ఇంకొకరి మాట ఉండేది కాదు. ఇంట్లో పిల్లలందరికీ ఆయనంటే భయం. నాకు కూడా భయమే, కానీ పురుగులంటే భయం లేదు. అందుకని ఆయన నన్ను చేలోకి వెంట తీసుకుపోయేవాడు. మనవరాళ్ళందరిలో ఆయన 'పాపా' అని పిలిచేది నన్నొక్కదాన్నే, తక్కినవాళ్ళంతా ఆయనకు 'ఏయ్'.

మా గోడ అవతల ఒక అక్క ఉండేది. మొగుడు బెంగళూరు పక్క పనికి పోయి మళ్ళీ రాలేదు. పిల్లలు లేరు. ఆవులు, ఒక బర్రె, వాటి పేడతో వేసుకున్న దిబ్బ, అంతే ఆమె సంసారం. సొంత చేను లేదు. ఇల్లు, దిబ్బ ఉన్న ఆ సన్నటి జాగా మాత్రం వాళ్ళమ్మ తరఫున వచ్చింది. అది సరిగ్గా మా కల్లానికీ బండ్ల దారికీ మధ్యలో ఉండేది. మా బండ్లు కల్లంలోకి రావాలంటే ఆ జాగాను చుట్టి రావాలి. జేజినాయన ఎన్నోసార్లు అడిగాడు, బదులుగా ఊరి చివర వేరే జాగా ఇస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఆమె ఒప్పుకోకపోవడం ఆయనకు కాలిలో ముల్లులాగా ఉండేదని నాకు ఆ వయసులో తెలీదు.

మా పక్క అప్పుడొక వాడుక ఉండేది. చేను లేనివాళ్ళు తమ దిబ్బలోని ఎరువు చేనున్నవాళ్ళకిస్తారు. పంట పీకి కాయ తెంపుకున్నాక మిగిలే ఎండు చెట్టును మేము కట్టె అంటాము. ఆ కట్టెను చేనున్నవాళ్ళు బదులుగా వామి వేసి ఇస్తారు. వానలేని ఏడు గడ్డి అనేది కంటికి కనబడదు. వామి ఉంటే గొడ్లు బతుకుతాయి, లేకపోతే సంతకు పోతాయి. అక్క ఎరువు ఏటా మా చేలకే వచ్చేది, మా కట్టె ఏటా ఆమె దొడ్లోకే పోయేది. ఆమె బతుకంతా ఆ వామి మీద నిలబడి ఉండేది.

ఎండాకాలం చివర దిబ్బలు తవ్వి ఎరువు తోలుతారు. ఆ పొద్దు అక్క దిబ్బ తవ్వుతున్నారు. పార పడినచోటల్లా తెల్ల పురుగులు దొర్లుతున్నాయి. గోరింకలు మనుషుల కాళ్ళ సందుల్లో దూరి మరీ ఎత్తుకుపోతున్నాయి. జేజినాయన పార ఆపమని, దిబ్బలోంచి ఒక పురుగును తీశాడు. మా సొంత దిబ్బ అంచున నేల గీరి ఇంకొకటి తీశాడు. గొడ్ల తొట్టి పక్కన నున్నటి బండ ఉంటే దానిమీద రెండిటినీ పెట్టి, నన్ను కూర్చోమన్నాడు. చూడమన్నాడు.

చూడ్డానికి రెండూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. తెల్లటి మడతలు పడిన ఒళ్ళు, ఎర్రటి తల, తోకవైపు లోపలున్నది నల్లగా కనబడుతోంది. కాసేపటికి మా దిబ్బలోది పక్కకు పడి, నెలవంకలాగా ముడుచుకుని, పొడుగు కాళ్ళతో బండను గీరుకుంటూ అక్కడక్కడే తిరిగింది. అక్క దిబ్బలోది అట్లా కాదు. ముడుచుకున్నది కాస్తా విప్పుకుని, వీపు మీద తిరగబడి, పొట్టి కాళ్ళు ఆకాశానికి పెట్టి, వీపుతోనే పాక్కుంటూ బండ చివరిదాకా పోయింది. కాళ్ళుండీ వీపుతో నడిచే జీవాన్ని నేను అప్పటిదాకా చూడలేదు.

"ఎల్లకిలా పోయేది ఎరువు తింటాది, చెట్టు జోలికి పోదు. పక్కకు పండుకునేది యేరు తింటాది. రెండూ ఒకటే అనుకోని తొక్కేవాడు సేద్యగాడు కాదు పాపా," అన్నాడు జేజినాయన.

తర్వాత తలలు చూపించాడు. వేరు తినేదానికి తల పెద్దది, కాళ్ళు పొడుగు. ఎరువు తినేదానికి తల చిన్నది, ఒళ్ళు బొద్దు. అది చెప్పాక వేరు తినేదాన్ని తీసి ఎర్రచీమల బారులో వేశాడు. అది కొట్టుకుంటుంటే నేను కళ్ళు తిప్పుకున్నాను. ఆయన నా గడ్డం పట్టుకుని మళ్ళీ అటే తిప్పాడు. అది కదలడం ఆగేదాకా వదల్లేదు. ఆయన చదువు అట్లా ఉండేది. అక్కవైపు తిరిగి మాత్రం మెచ్చుకోలుగా, ఆమె దిబ్బలో ఒక్క వేరుపురుగు కూడా లేదని, ఇట్లాంటి మాగిన ఎరువు ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదని అన్నాడు. ఆ మాటకు అక్క ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు.

ఆ పొద్దే మూతి పగిలిన కుండ ఒకటి ఇచ్చి, పురుగుల్ని సాకమన్నాడు. ఎట్లా సాకాలో కూడా ఆయనే చెప్పాడు. కుండ అడుగున ఇసుక, పైన అక్క దిబ్బలోని పాత ఎరువు. ఆకు వేయకూడదు, అన్నం వేయకూడదు, ఎరువే దాని బువ్వ. పిడికిట్లో పట్టి పిసికితే ఎరువు ఉండ కావాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. ఎండిపోతే పురుగు చస్తుంది, నానిపోతే కుళ్ళుతుంది. నేను కుండను గాదె వెనక నీడలో పెట్టి, చిలకరింపుకు నీళ్ళలో చేతివేళ్ళు ముంచి విదిలించేదాన్ని. పురుగులు తిన్నంత మేరా ఎరువు నల్లటి గింజలుగా మారిపోయేది, అవి వేసే పెంటికలవి. పైన గింజలు నిండితే చేత్తో ఏరేసి మళ్ళీ కొత్త ఎరువు నింపాలి. ఆ గింజల్ని అక్క తన వంకాయ చెట్లకు వేసుకునేది. గోడ మీదినుంచి తొంగి చూసి, నీకు పెండ్లయితే ఈ కుండనే సారె పెట్టి పంపుతాములే అని ఎగతాళి చేసేది. నేను కుండకు చెవి ఆనించి వినేదాన్ని. లోపల అవి నమిలే చప్పుడు, ఎండుటాకు నలిపినట్టు, సన్నగా వినపడేది.

వానాకాలం నడిమికి ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. చచ్చాయేమోనని నేను ఏడిస్తే జేజినాయన కుండలో చేయి పెట్టి కోడిగుడ్డంత మట్టి ఉండను తీసి చూపాడు. పురుగు తన చుట్టూ ఎరువు పేర్చుకుని గోడ కట్టుకుందన్నాడు. లోపల ఒళ్ళు మార్చుకుని పెంకు పురుగై బయటికొస్తుందట. తనంతట తాను పగలగొట్టుకునేదాకా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. తొందరపడి విప్పితే లోపలున్నది ఇటూ కాక అటూ కాక చస్తుందన్నాడు. నేను రోజూ ఆ ఉండల్ని చూసి, ముట్టుకోకుండా వచ్చేదాన్ని. కొన్ని పురుగులు ఇంకా ఉండ కట్టకుండా తింటూనే ఉన్నాయి.

ఇక చేను సంగతి. వేరుపురుగు దిబ్బలోంచి కంటే ఎక్కువగా వేపచెట్ల మీదినుంచి వస్తుంది. మొదటి పదును వాన పడిన సాయంత్రం, నేలలోంచి బూడిదరంగు పెంకు పురుగులు లేచి చేలగట్ల మీది వేపచెట్లకు మూగుతాయి. ఆకు తిని, తిరిగి చేలో దిగి గుడ్లు పెడతాయి. అందుకని ఆ సాయంత్రం ఊరంతా దివిటీలు పట్టుకుని చేలకు పోయి, కొమ్మలు ఊపి, రాలిన పురుగుల్ని కిరసనాయిలు నీళ్ళల్లో ముంచేవాళ్ళు. ఇల్లు తగలబడినా ఆ పని మానకూడదని జేజినాయనే అందరికీ చెప్పేవాడు. ఆ ఏడు మాత్రం పంచాయితీ ఎన్నికలు వచ్చాయి. ఆయన తన మనిషిని నిలబెట్టాడు. మొదటి వాన పడిన సాయంత్రమే మా కల్లంలో ఓట్లవాళ్ళకు విందు పెట్టాడు. మా జీతగాళ్ళంతా వడ్డనలో ఉన్నారు. గుట్ట కింది మా చేను గట్టు మీది వేపచెట్లను ఎవరూ ఊపలేదు. ఆయన మనిషి గెలిచాడు.

కాయ ఊరే కాలానికి గుట్ట కింది చేలో చెట్లు మడులు మడులుగా పసుపుబారి వాలిపోయాయి. జేజినాయన నన్ను వెంట పెట్టుకుని పోయి ఒక చెట్టును పట్టుకుంటే, లాగే పని కూడా లేకుండా చేతికొచ్చేసింది. కింద వేరు లేదు. తవ్వితే నెలవంకలాగా ముడుచుకున్నవి, పెద్ద తలవి. ఆయన వాటిని చూశాడు, ఆ తర్వాత తలెత్తి గట్టు మీది వేపచెట్లను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కూడా చూశాను.

మరుసటి పొద్దున చావిట్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. చావిడంటే ఊరి నడుమ నాలుగు రాతిస్తంభాల మండపం, తగాదాలన్నీ అక్కడే తెగేవి. అక్కను పిలిపించారు. ఆమె ఎరువులోంచే వేరుపురుగు చేనంతా పాకిందని, తన పంట పోయిందని, రేపు ఎవరి చేనైనా పోవచ్చని జేజినాయన నెమ్మదిగా చెప్పాడు. ఈ ఏడు ఆమెకు కట్టె ఇచ్చేది లేదు, ఆమె ఎరువు ఊళ్ళో ఎవరూ తోలుకోకూడదు, ఊరికి చేటు తెచ్చే ఆ దిబ్బ కూడా అక్కణ్ణుంచి లేచిపోవాలి. అంటే గొడ్లు పోవాలి. గొడ్లు పోతే ఆమె కూడా పోవాలి. ఇదంతా ఆయన గొంతు పెంచకుండానే అన్నాడు.

అక్క బెదరలేదు. తన దిబ్బలోవి వెల్లకిలా నడిచే పురుగులని, వాటిని మీ మనవరాలే ఇంట్లో సాకుతోందని, పిలిచి చూడమని అంది.

నన్ను పిలిచారు. నాకు పండగలాగా ఉంది, చెబితే నువ్వు నమ్మవు. జేజినాయన నేర్పిందే కదా, ఇంతమంది ముందు ఆయన ఎదుట అప్పజెప్పబోతున్నానని. కుండను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని పరిగెత్తాను. చావిడి బండమీద ఎరువు గుమ్మరించి పురుగుల్ని వరసగా పెట్టాను. అవి కాసేపు ముడుచుకున్నాయి. మనుషులంతా వంగి చూస్తున్నారు. ఒకటి తిరగబడింది. దాని వెనకే ఇంకొకటి. అన్నీ కాళ్ళు పైకి పెట్టి, వీపుల మీద, బండ అంచుకేసి పాకాయి. అంత చక్కగా అవి మా ఇంట్లో కూడా ఎప్పుడూ నడవలేదు.

అక్కడున్నవాళ్ళంతా సేద్యగాళ్ళే పాపా. ఈ తేడా వాళ్ళ తాతలకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఒకాయన కిందటేడు మా దగ్గర విత్తనం తీసుకున్నవాడు. ఒకాయనకు మా ఎద్దులు కావాలి. అంగట్లో కూర్చునే శెట్టి మా కాయలు కొనేవాడు. స్తంభానికి ఆనుకుని మా నాయన కూడా ఉన్నాడు, టవలు కొసను వేలికి చుట్టుకుంటూ.

జేజినాయన నన్ను దగ్గరికి తీసుకుని తలమీద చేయి పెట్టి అడిగాడు.

"ఎల్లకిలా నడిస్తే మంచిదని నీకెవురు చెప్పినారు పాపా?"

"నువ్వే గదా జేజినాయనా."

ఆయన అందరివైపూ చూసి నవ్వాడు. "పిల్ల అన్నం తినలేదని ఏదో కత చెప్పింటాను. అది పట్టుకోని ఈయమ్మ నా చేనుకు పంచాయితీ చెప్తాండాది. ఏమప్పా, పురుగు బోర్లా నడిస్తే ఒకటి, ఎల్లకిలా నడిస్తే ఇంగొకటా?"

ముందు శెట్టి నవ్వాడు. ఆ వెనక అందరూ నవ్వారు. వీపుతో పాకే పురుగుల్ని కళ్ళెదుట చూస్తూనే నవ్వారు. మా నాయన నవ్వలేదు, కానీ టవలు కొసనుంచి కళ్ళు ఎత్తలేదు.

నేను అబద్ధం చెప్పడం లేదని, బండమీద పెట్టి చూపించావు కదా, చీమల్లో వేశావు కదా అని ఏదేదో అంటున్నాను. ఆయన నా భుజం పట్టుకుని పక్కకు జరిపి, చెప్పు కాలితో ఒక్కొక్క పురుగునే తొక్కాడు. తొందరేమీ లేదు ఆయనకు. ఒకదాన్ని తొక్కి, కాలు బండకు రాసి, ఇంకొకదాని దగ్గరికి పోయాడు. ఎరువులో మట్టి ఉండలు కూడా ఉన్నాయి. ఒకదాన్ని చేతికి తీసుకున్నాడు. అది ఏమిటో ఆయనకు తెలుసు, విప్పవద్దని నాకు చెప్పింది ఆయనే. బొటనవేలితో నొక్కి దాన్ని రెండుగా విప్పాడు. లోపల పెంకు పురుగు కాళ్ళు ముడుచుకుని ఉంది. ఇంకా రంగు పట్టలేదు. ఒళ్ళంతా పాలపొంగులాగా ఉంది, కళ్ళు మాత్రం నల్లబడ్డాయి. దాన్ని నాకు చూపించాడు. చూపించి కింద వేసి తొక్కాడు.

అక్క అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. అది అయ్యాక అంది.

"పురుగు దాని నడక అది నడిచింది పెద్దాయనా. నీదే మారిపాయ."

ఆ మాటతో ఆమె పని అయిపోయింది. అప్పటిదాకా ఎవరైనా ఒకరు, పోనీలే పెద్దాయనా, కట్టె అయినా ఇద్దామని అనేవాళ్ళేమో. పెద్దమనిషిని అంత మాట అన్నాక అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. అందరికీ తేలిక అయింది. లేచి దులుపుకుని ఎవరి పనికి వాళ్ళు పోయారు.

ఆ ఏడు మా కల్లంలో కట్టె వాములు గోడకంటే ఎత్తు లేచాయి. పోయింది గుట్ట కింది చేనొక్కటే, తక్కినవన్నీ పండాయి. అక్క ఆవులు గోడ అవతలినుంచి మోరలు చాచి వాసన చూసేవి. జేజినాయన గోడ మీద తుమ్మకంప వేయించాడు. ఒక పొద్దు ఎవరూ లేరని నేను చేతికందినంత కట్టె లాగి కంప మీదుగా విసిరాను. ఆయన గాదె పక్కనే ఉన్నాడు. నన్ను చేయి పట్టుకుని గోడ చుట్టూ నడిపించుకుపోయి, ఆవు నమలుతున్న కట్టెను దాని నోట్లోంచి లాక్కురమ్మన్నాడు. నేను లాగాను. ఆవు వదల్లేదు. ఆయన మళ్ళీ లాగమన్నాడు. జొల్లుతో తడిసిన సగం పుల్లలు నా చేతికొచ్చాయి. అవి తెచ్చి వామి మీద వేశాక నన్ను వదిలాడు. అక్క గడపలో కూర్చుని అదంతా చూసింది.

బర్రె ముందు పోయింది సంతకు. తర్వాత ఆవులు. ఎముకలు తేలిన గొడ్డును కోతవాళ్ళు తప్ప ఎవరూ కొనరు, అది నీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. చివరికి అక్క తలుపుకు తాళం వేసి చిలమత్తూరులో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పొయ్యేటప్పుడు వంకాయ చెట్లను వేళ్ళతో సహా పీకి దారిలో పారేసింది. మరుసటి వారానికే మా బండ్లు ఆ జాగాలోంచి నేరుగా కల్లంలోకి తిరగడం మొదలుపెట్టాయి. ఎవరూ ఏమీ రాయించుకోలేదు, ఏమీ అడగలేదు.

ఇంతటితో అయిపోతే అది మామూలు ఊరి అన్యాయమే. నాకు నిజమైన పాఠం తర్వాతి ఎండాకాలం జరిగింది.

అక్క ఎరువు లేదు కాబట్టి ఆ ఏడు పక్క ఊళ్ళోంచి తోలించారు. జేజినాయనకు అప్పటికి కంటిపొర కమ్ముతోంది, దగ్గరివి మసకగా కనబడేవి. వచ్చిన ఎరువు బండ్ల దగ్గర నీడలో కూర్చుని నన్ను పిలిపించాడు. చావిడి సంగతి జరిగాక నేను ఆయన ఎదుట పడటం మానేశాను, ఆయన దాన్ని గమనించినట్టే లేడు. ఎరువులోంచి ఒక పురుగును తీసి నా అరచేతిలో పెట్టి, ఇది ఏదో చూసి చెప్పమన్నాడు. ఎంత మామూలుగా అడిగాడంటే, మధ్యలో ఏమీ జరగనట్టే, నేను ఇంకా ఆయన ముందు బండ దగ్గర కూర్చుని ఉన్నట్టే.

నేను దాన్ని బండమీద పెట్టాను. అది పక్కకు పడి ముడుచుకుంది. వేరు తినేది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. ఆ ఎరువు నిండా అవే. వెల్లకిలా పోతోందని ఒక్క మాట అంటే చాలు, ఆ ఎరువంతా ఆయన చేలల్లోకి పోయేది. ఆ మాట నా నాలుక కొస మీదికి వచ్చింది కూడా. కానీ బండమీద అది నా కళ్ళెదుట పక్కకు పడుకుని ఉంది. చూసిందాన్ని చూడలేదని అనడానికి నాకు నోరు పెగల్లేదు. వేరు తినేదే అని చెప్పాను.

ఆయన తలాడించి, ఎరువు వద్దని బండ్లు వెనక్కి తిప్పించాడు. బండ్లు పోయాక నేను అడిగాను. మరి ఆ పొద్దు చావిట్లో నేను చెప్పింది కత అని ఎందుకన్నావు అని. అడిగినందుకు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నవ్వాడు కూడా. తనకు ఇష్టమైన పిల్లకు ఇంకొక విద్య నేర్పుతున్నట్టు, నెమ్మదిగా చెప్పాడు.

"చేనుతో అబద్ధమాడితే చేను ఊరుకోదు పాపా. మనుషులతో ఆడితే, వాళ్ళు ఊరుకుంటారు. ఎవురితో ఆడాల్నో తెలుసుకోవల్ల, అంతే."

అని, పంచె మడతలోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. తియ్యగానే ఉంది.

ఆయన చెప్పింది తప్పని చాలా ఏళ్ళు నాతో నేను వాదించుకున్నాను. కానీ చావిట్లో జరిగింది చూసినదాన్ని. ఆయన చెప్పింది నిజమే. మనుషులు ఊరుకుంటారు. పురుగు నడకను ఆయనంత సరిగ్గా చదివినవాడు మనుషుల నడకను కూడా అంతే సరిగ్గా చదివాడు. ఆయన ఒక్కడి అబద్ధం వల్ల అక్క ఊరు విడిచిపోలేదు. అది అబద్ధమని తెలిసి నవ్వినవాళ్ళ వల్ల, నవ్వకుండా కళ్ళు దించుకున్న మా నాయన వల్ల పోయింది. ఆ లెక్క నాకు తేలడానికి పెండ్లయి, బిడ్డల తల్లినయ్యేదాకా పట్టింది.

అందుకని నాకొక పాడు అలవాటు వచ్చింది. మీ నాయన దాన్ని చాదస్తం అంటాడు. ఎవరైనా నా దగ్గరికొచ్చి చాటుగా, ఫలానావాళ్ళకు అన్యాయం జరిగింది పెద్దమ్మా అని వాపోతే, ఈ మాట నలుగురిలో అంటావా అని అడుగుతాను. ఎక్కువమంది కాఫీ సగంలో వదిలేసి లేస్తారు.

పోయిన ఎండల్లో మన వీధికి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు ఒకటి జరిగింది, అప్పుడు నువ్వు లేవు. ఆ చివరింటి అద్దెవాళ్ళ కోడలు వంతు తప్పి బిందెలు పట్టుకుందని ఎదురింటి ఆమె పెద్ద గొడవ చేసింది. ఇంటి ఓనరు వచ్చి, మీరు ఖాళీ చెయ్యండి అనేదాకా పోయింది. వంతు తప్పింది ఎదురింటి ఆమే. నేను మిద్దె మీదినుంచి చూశాను. నేనే కాదు, గేట్ల దగ్గర నిలబడినవాళ్ళంతా చూశారు. అందరూ తమ బిందెల్లోకి చూసుకుంటున్నారు. ఎదురింటి ఆమె మనకు కావలసిన మనిషి, మీ అమ్మ కాన్పుకు ఆస్పత్రికి వెంట వచ్చింది ఆమే. నాకు మోకాళ్ళ నొప్పి. అయినా మెట్లు దిగి వీధి మధ్యకు పోయి, వంతు తప్పింది నువ్వమ్మా, ఈ పిల్ల కాదు అని ఆమె ముఖం మీదే చెప్పాను.

అద్దెవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఎదురింటి ఆమె నాతో మాట్లాడదు. పెరుగు తోడు అయిపోతే ఇదివరకు గడప దాటితే చాలు. ఇప్పుడు వీధి చివరిదాకా పోవాలి. మోకాలు పట్టుకుని పోతున్నాను.